వెయ్యబోయే బొమ్మకు డబ్బు

పోయినేడాది ఒక రాత్రి పదకొండు దాటాక మా జూనియర్ ఒకడు వరసగా మూడు లింకులు పంపాడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివాడు. అక్కయ్యపాలెంలో మేడ మీద గది అద్దెకు తీసుకుని బొమ్మలు వేస్తాడు, సాయంత్రాలు పిల్లలకి డ్రాయింగ్ ట్యూషన్లు చెబుతాడు. లింకుల కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ మూడు గ్రాంట్లలో దేనికి పెట్టమంటావు?"

మొదటిది పీఎం విశ్వకర్మ, చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పథకం. రెండోది కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ఫెలోషిప్. మూడోది ఎక్కడిదో అంతర్జాతీయ చిత్రకళా అవార్డు. ఎంట్రీ ఫీజు మూడు వేల అయిదు వందలు, ఎంపికైతే షీల్డు, శాలువా, సర్టిఫికెట్. వాడి లెక్కలో మూడూ గ్రాంట్లే. విశాఖలో నాకు తెలిసిన ఆర్టిస్టుల్లో చాలామంది లెక్క కూడా అదే. నిజానికి మొదటిదాంట్లో ఎక్కువ భాగం అప్పు. మూడోది మన దగ్గరే డబ్బు తీసుకుని మనకే శాలువా కప్పే వ్యాపారం. మధ్యలో ఉన్నదొక్కటే వాడికి పనికొచ్చేది, అదీ వాడు అనుకున్న పద్ధతిలో పెడితే రాదు.

ఈ చిక్కు విప్పడానికి ఆ రాత్రి ఫోన్లో గంటన్నర పట్టింది. అప్పుడు చెప్పిందీ, తర్వాత వాడి అప్లికేషన్ తయారవుతుంటే నాకే కొత్తగా తెలిసొచ్చిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వెనక్కి చూసే డబ్బు, ముందుకు చూసే డబ్బు

బొమ్మ అమ్మకుండా ఆర్టిస్టు చేతికి వచ్చే డబ్బు దేన్నయినా మనం గ్రాంటు అనేస్తాం. అక్కడే మొదటి పొరపాటు.

అవార్డు వెనక్కి చూస్తుంది. లలిత కళా అకాడెమీ జాతీయ ప్రదర్శనలో అవార్డు ఇస్తే అది వేసేసిన బొమ్మకు ఇచ్చినట్టు. ఆ డబ్బుతో రంగులు కొంటావా, ఇంటి అద్దె కడతావా అని ఎవరూ అడగరు. గ్రాంటు ముందుకు చూస్తుంది. నువ్వు ఇంకా వెయ్యని బొమ్మకు, ఇంకా తిరగని ఊరికి, ఇంకా మొదలుపెట్టని పనికి ఇచ్చే డబ్బు అది. పాత బొమ్మలు అక్కడ సాక్ష్యం మాత్రమే. వీడు ఈ పని చెయ్యగలడా లేదా అని చూసుకోవడానికి పనికొస్తాయి, అంతే. అందుకే మంచి బొమ్మలున్న ఆర్టిస్టుకి రాకుండా, వాటికన్నా ఒక మెట్టు కింద ఉన్న బొమ్మల ఆర్టిస్టుకి వచ్చిందంటే ప్రతిసారీ అందులో రాజకీయం ఉందనుకోనక్కర్లేదు. రాజకీయం ఉండదని కాదు. కానీ చాలాసార్లు ఆ రెండోవాడు ఏం చేస్తాడో చదివినవాళ్ళకి కళ్ళకు కట్టింది, మొదటివాడిది కట్టలేదు.

ముందుకు చూసే డబ్బులోనూ రకాలున్నాయి. స్కాలర్‌షిప్పు నేర్చుకోవడానికి. 18 నుంచి 25 ఏళ్ళలోపు వాళ్ళకి కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ళపాటు నెలకు 5,000 రూపాయలిచ్చే యువ కళాకారుల పథకం అలాంటిది. ఫెలోషిప్పు మనిషికీ, అతని కాలానికీ. 25 నుంచి 40 ఏళ్ళ మధ్య వాళ్ళకి జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, 40 దాటినవాళ్ళకి సీనియర్ ఫెలోషిప్ నెలకు 20,000, రెండూ రెండేళ్ళే. వీటి పనంతా ఢిల్లీ ద్వారకలో ఉన్న సీసీఆర్టీ అనే ఆ శాఖ సంస్థ చూస్తుంది. ప్రాజెక్టు గ్రాంటు ఒక నిర్దిష్టమైన పనికి. రెసిడెన్సీలో చోటూ, కాస్త ఖర్చులకు డబ్బూ, తోటి ఆర్టిస్టులూ దొరుకుతారు. 1997లో మొదలై ఇప్పుడు ఢిల్లీ ఖిర్కీ గ్రామంలో ఉన్న ఖోజ్ ఈ తరహాకి మన దేశంలో బాగా పేరున్నది. ఇక 60 దాటి ఆదాయం సరిగ్గా లేని కళాకారులకు నెలనెలా ఇచ్చే ప్రభుత్వ సాయం వేరు. అది కష్టం చూసి ఇచ్చేది, దానికి ఏం చేస్తామో రాసిచ్చే ప్రపోజల్ అక్కర్లేదు.

పీఎం విశ్వకర్మ సంగతి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో 18 రకాల చేతివృత్తులున్నాయి. రాతి శిల్పులున్నారు, కుమ్మరులున్నారు, ఆటబొమ్మలు చేసేవాళ్ళున్నారు. కాన్వాసు మీద బొమ్మ వేసేవాడు లేడు. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా ఇస్తారు. మిగతాది 5 శాతం వడ్డీకి అప్పు, ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే కుటుంబానికి ఇది అక్కరకొచ్చే పథకం. మా వాడికి దీంతో సంబంధమే లేదు.

ఎంట్రీ ఫీజు అవార్డుల గురించి ఎక్కువ రాయను. ఫీజు అడిగే ప్రతిదీ మోసం కాదు, కొన్ని మంచి పోటీలకీ చిన్న ఫీజు ఉంటుంది. కానీ ఫీజు వేలల్లో ఉండి, ఎంపిక చేసేవాళ్ళ పేర్లు ఎక్కడా లేకపోతే ఆ లింకు మూసేయడమే. ప్రపంచమంతటా ఆర్టిస్టులకి గ్రాంట్లిచ్చే పోలాక్-క్రాస్నర్ ఫౌండేషన్ అంతటి సంస్థ అప్లికేషన్‌కి పైసా తీసుకోదు.

ఎవరి జేబు, ఎవరి షరతు

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే వాళ్ళు దేనికి ఇస్తారో సగం అర్థమవుతుంది. మన పూర్వకవులకి ఇది బాగా తెలుసు. శ్రీనాథుడు ఏ రాజు సభకి వెళ్తే ఆ సభకి తగ్గట్టు గొంతు సవరించుకున్నాడు, పోతన ఎవరి సభకీ వెళ్ళనని భీష్మించాడు. మనలో చాలామందిమి పోతనలా మాట్లాడుతూ కనకాభిషేకం కోసం ఎదురుచూస్తుంటాం. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుకి కూల్డ్రే దొర దొరికాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు, పిల్లాడి చేయి చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి దారి చూపించాడు. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన రామారావు ఆ కాస్త కాలంలో అంత పని చేశాడంటే అందులో ఆ దొర చేయి కూడా ఉంది. వడ్డాది పాపయ్య కాలానికి పత్రికలే పోషకులు. ఆయన కసింకోటలో కూర్చుని వేసిన బొమ్మలు పత్రికల మీద ఆంధ్రదేశమంతా తిరిగాయి. ఇప్పుడు దొరా లేడు, బొమ్మకింత అని పంపే పత్రికా లేదు. ఉన్నవి కమిటీలు. కమిటీ నీ ముఖం చూడదు, కాగితం చూస్తుంది.

ప్రభుత్వ ఫెలోషిప్ వెనక ఉన్న మాట పరిశోధన. సంస్కృతికి సంబంధించిన ఏదో ఒక విషయాన్ని లోతుగా చదివి, రాసి ఇవ్వాలి. "30 పెయింటింగులు వేస్తాను" అంటే అక్కడ ఆనదు. లలిత కళా అకాడెమీ దారి కొంచెం వేరు, అది బొమ్మ వేసేవాడి సంస్థ. 1954లో పుట్టింది. యువ కళాకారులకు స్కాలర్‌షిప్పులిస్తుంది, ప్రాంతీయ కేంద్రాల్లో స్టూడియోలున్నాయి. మనవాళ్ళు అలవాటుగా చెన్నై గ్రీమ్స్ రోడ్డు కేంద్రం వైపే చూస్తారు గానీ, విశాఖ నుంచి భువనేశ్వర్ కేంద్రమే దగ్గర. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి అక్కడ ఉంటాం.

ప్రైవేటు సంస్థల్లో బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ పేరు ముందు చెప్పాలి. 1993లో ఏర్పడింది. ఇంగ్లిష్ కాకుండా మన భాషల్లో రాసిన ప్రపోజల్‌నీ తీసుకుంటుంది. తెలుగులో ఆలోచించే ఆర్టిస్టుకి ఇది మామూలు విషయం కాదు, అయినా మనవాళ్ళు ఈ సంగతి వాడుకోవడం తక్కువ. ఢిల్లీలో 2007 నుంచి ఉన్న ఫికా (ఫౌండేషన్ ఫర్ ఇండియన్ కాంటెంపరరీ ఆర్ట్), ముంబైలోని ఇన్‌లాక్స్ ఫౌండేషన్ కూడా యువ చిత్రకారులకు తెలియాల్సినవే. వయసు, చదువు షరతులు ఏటా వాళ్ళ ప్రకటనలోనే చూసుకోవాలి. పాత వాట్సాప్ ఫార్వర్డుని నమ్ముకుంటే గడువు దాటిన గ్రాంటుకి రాత్రంతా మేలుకుని రాస్తారు. నేను రాశాను.

విదేశీ సంస్థల్లో రెండు చెబుతాను, రెండూ దేశంతో పని లేకుండా ఇచ్చేవి. కెనడాలోని ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్ 1955 నుంచి యువ కళాకారులకు ఇస్తోంది. కానీ ఒకటే పట్టు: మనిషో చెట్టో పడవో, చూసేవాళ్ళు పోల్చుకునే బొమ్మ కావాలి. అబ్‌స్ట్రాక్ట్ వేసేవాళ్ళు అటు చూడక్కర్లేదు. న్యూయార్క్‌లోని పోలాక్-క్రాస్నర్ 1985లో చిత్రకారిణి లీ క్రాస్నర్ ఆస్తితో ఏర్పడింది. పెయింటర్లు, శిల్పులు, ప్రింట్ మేకర్లు, కాగితం మీద పనిచేసేవాళ్ళకి. బొమ్మ నాణ్యతా చూస్తుంది, డబ్బు అవసరమా చూస్తుంది. విద్యార్థులకీ, వీడియో కళాకారులకీ, కమర్షియల్ ఆర్టిస్టులకీ ఇవ్వదు. పాత బాకీలు తీర్చడానికీ, స్థలం కొనడానికీ, ఎవరో పురమాయించిన పనికీ ఆ డబ్బు అడగకూడదు. ఇవన్నీ వాళ్ళు ముందే రాసిపెట్టారు. చదవకుండా పంపేవాళ్ళే ఎక్కువ.

విదేశీ డబ్బుకి ఇంకో ముడి ఉంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2020లో దానికి వచ్చిన సవరణ. ఆ సవరణ తర్వాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి మళ్ళించడానికి వీల్లేదు, అందుకోవడం కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే. ఇదివరకు ఢిల్లీ సంస్థకి వచ్చిన డబ్బు మన ఊరి చిన్న ట్రస్టుకి చేరి, అక్కణ్ణుంచి ఒక వర్క్‌షాపుగా మారేది. ఆ కాలవ ఎండిపోయింది. సంస్థ మాటెలా ఉన్నా, మీ సొంత పేరు మీద వచ్చే డబ్బు స్కాలర్‌షిప్పా, ప్రాజెక్టు డబ్బా, అవార్డా అన్నదాన్ని బట్టి చట్టం చూపు మారుతుంది. అప్లై చేసే ముందే సీఏని అడగాలి. డబ్బు ఖాతాలో పడ్డాక అడిగితే ఫీజు పెరుగుతుంది, టెన్షన్ కూడా.

"ఇంత దూరం ఎందుకన్నా, మన స్టీల్‌ప్లాంటు ఉంది, హెచ్‌పీసీఎల్ ఉంది, షిప్‌యార్డు ఉంది, సీఎస్ఆర్ డబ్బు ఇవ్వరా?" విశాఖలో ప్రతి ఆర్టిస్టూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఇది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి, సీఎస్ఆర్ అంటే అదే. ఆ పనుల జాబితాలో కళ, సంస్కృతి, వారసత్వ పరిరక్షణ, సంప్రదాయ హస్తకళలు ఉన్నాయి. అంతవరకు బానే ఉంది. అయితే ఆ డబ్బు చిత్రకారుడి ఖాతాలోకి నేరుగా రాదు. కంపెనీ తనే చెయ్యాలి, లేదా పన్ను చట్టం కింద కావలసిన రిజిస్ట్రేషన్లు ఉండి, సీఎస్ఆర్-1 ఫారంతో నమోదైన ట్రస్టో సొసైటీయో చెయ్యాలి. కాబట్టి "నా సోలో షోకి ఇవ్వండి" అనే ఉత్తరానికి జవాబు రాదు. ఒక ట్రస్టుతో కలిసి, ప్లాంటు చుట్టుపక్కల బడుల్లో ఏడాదిపాటు బొమ్మల తరగతులు నడుపుతామంటే వినే మనిషి దొరకవచ్చు. రోడ్ల పక్క గోడల మీద చదరపు అడుగు లెక్కన వేయించే బొమ్మలు ఈ కోవలోవి కావు. అది కూలి పని. గౌరవమైన కూలే, కానీ గ్రాంటు కాదు.

మేలో వేట ఉంటుందా?

ఇక అసలు సంగతి, ప్రపోజల్.

మా వాడు మొదట రాసి పంపిన దాంట్లో తొలి వాక్యం ఇది: "సముద్రం నాకు చిన్ననాటి నుండి ప్రేరణ. మానవునికి, ప్రకృతికి మధ్య గల అవినాభావ సంబంధాన్ని నా కుంచె ద్వారా అన్వేషించదలచితిని." విశాఖలో కుంచె పట్టిన ప్రతివాడూ జీవితంలో ఒకసారైనా ఈ వాక్యం రాస్తాడు. నేనూ రాశాను. తప్పేం లేదు అందులో, పనికొచ్చేదీ ఏం లేదు. ఆర్కే బీచ్‌లో సాయంత్రం బజ్జీలు తినే మూడొందలమందీ ఇదే మాట అనగలరు. కమిటీలో కూర్చున్నావిడకి ఇది చదివాక కళ్ళ ముందు ఏ బొమ్మా కదలదు.

"సముద్రం వదిలెయ్. ఈమధ్య నువ్వు నిజంగా ఆగి చూసింది ఏంటి?" అని అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి రంగులు వేసే ఒక మేస్త్రీ. స్కేలు లేకుండా, తాడు కూడా పట్టకుండా, పడవ వంపు మీద అక్షరాలు నిటారుగా కనపడేలా పేరు రాస్తాడట. దగ్గర్నుంచి చూస్తే వంకర, గట్టు మీద నుంచి చూస్తే తిన్నన. వీడు పక్కన నిలబడి నోట్‌బుక్కులో గీసుకుంటుంటే ఆయన, "ఏటి బాబూ రాసుకుంటన్నావు? మా బోట్లకి రంగులేత్తే నీకేటొస్తాది?" అన్నాడట.

అదే ప్రాజెక్టు. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తే అదే ప్రపోజల్.

ఇక్కడ నా పాత అవమానం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థకి ప్రపోజల్ పెట్టాను. ఏప్రిల్, మే నెలల్లో రోజూ తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్ళి, వేట నుంచి తిరిగొచ్చే పడవల్ని వేస్తానని కాలపట్టికతో సహా రాశాను. ఇంటర్వ్యూ దాకా పిలిచారు. ఒక పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి మెల్లిగా అడిగారు: "మీ తీరంలో మేలో వేట ఉంటుందా?" ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. విశాఖలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియక కాదు, రాసేటప్పుడు గుర్తుకే రాలేదు. గదిలో కూర్చుని ఊహించి రాశానని వాళ్ళకి తెలిసిపోయింది. ఆ తర్వాత నా బొమ్మలెంత బాగున్నాయన్నా ఏం లాభం?

మా వాడి ప్రాజెక్టుకి అదే నిషేధం వరమైంది. వేట ఆగిన రెండు నెలలూ బోట్లన్నీ గట్టుకొస్తాయి. మరమ్మతులు, చెక్కలు మార్చడం, రంగులు వెయ్యడం అన్నీ అప్పుడే. మేస్త్రీలు దొరికేదీ అప్పుడే. కాబట్టి ఫీల్డ్ వర్క్ ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. ఆ తర్వాత నాలుగు నెలలు గదిలో పని. కాలపట్టిక తనంతట తనే రాసుకుంది, ఆ తేదీలు చూస్తే చాలు వీడికి హార్బర్ తెలుసని ఎవరికైనా అర్థమవుతుంది.

రెండోసారి రాసిన మొదటి పేరా ఇలా వచ్చింది: "విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో బోట్లకు పేర్లు, నంబర్లు, బొమ్మలు వేసే ఆరుగురు రంగుల మేస్త్రీలతో కలిసి కూర్చుని, వాళ్ళ అక్షరాల పద్ధతిని 40 డ్రాయింగుల్లో నమోదు చేస్తాను. వాళ్ళు రంగులకీ, పడవ భాగాలకీ వాడే మాటల్ని సేకరిస్తాను. చివర ఆ డ్రాయింగుల్ని హార్బర్‌లోనే, వాళ్ళ మధ్యే ప్రదర్శిస్తాను." ఇందులో ప్రేరణ లేదు, అన్వేషణ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో, ఎన్ని, ఆఖరికి ఏం మిగులుతుంది, అన్నీ ఉన్నాయి. మాటలు సేకరిస్తాను అన్న ఒక్క ముక్కతో ఇది ప్రభుత్వ ఫెలోషిప్‌కి కావలసిన పరిశోధన కూడా అయింది. పడవ ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారని నిఘంటువుల్లో ఉంది. హార్బర్‌లో ఇప్పుడు ఏమంటున్నారన్నది వెళ్ళి వింటేగానీ తెలియదు.

తర్వాత ఎందుకు ఇప్పుడే అన్న ప్రశ్న వస్తుంది. ప్రతి కమిటీ అడుగుతుంది. 2023 నవంబరులో ఒక రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయిన సంగతి విశాఖలో అందరికీ తెలుసు. ఆ బోట్లతోపాటు వాటి మీది రాతలూ పోయాయి, వాటి ఫొటోలు కూడా ఎవరి దగ్గరా సరిగ్గా లేవని మేస్త్రీలే మా వాడికి చెప్పారు. ఇది రాయమన్నాను, కానీ రెండు వాక్యాలకి మించి వద్దన్నాను. పక్కవాళ్ళ నష్టాన్ని మన అప్లికేషన్‌కి మసాలాగా చల్లుకుంటే చదివేవాళ్ళకి పసిగట్టడం కష్టం కాదు.

భాష గురించి ఒక మాట. ఇంగ్లిష్‌లోనే పెట్టాల్సి వస్తే ముందు తెలుగులో రాసుకుని, ఇంగ్లిష్ బాగా వచ్చిన స్నేహితుడి చేత మార్పించుకోవడం మంచిది. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే గ్యాలరీ క్యాటలాగుల భాష చేతికి అంటుకుంటుంది. మన తెలుగు క్యాటలాగులు తక్కువ తిన్నాయా, అంతరంగ ఆవిష్కరణ లేకుండా ఒక్కటీ ఉండదు. మా అమ్మకి చదివి వినిపిస్తే, "అయితే ఆ పడవల పేర్లు రాసేవాళ్ళ బొమ్మలేస్తాడన్నమాట" అనగలిగితే ఆ ప్రపోజల్ బాగున్నట్టు.

నీ కూలి ఎక్కడ?

బడ్జెట్ దగ్గర మా వాడు మొదట వేసిన మొత్తం 65,000. రంగులు, కాగితం, ఫొటోలు, ఆటో ఖర్చులు. "మరి ఆరు నెలలు నువ్వేం తింటావు?" అన్నాను. "నా బొమ్మ నేను వేసుకోవడానికి నేనే కూలి అడగడమేంటన్నా, బాగోదు."

బాగోకపోవడం ఏం లేదు. తాపీ మేస్త్రీ సిమెంటు ఖరీదు మాత్రమే తీసుకుని ఇల్లు కడతాడా? మన ఇళ్ళలో బొమ్మలు వెయ్యడం పనిగా లెక్కకు రాలేదు కాబట్టి మనకీ అడగడానికి నోరు రాదు. ఇచ్చే సంస్థలు మాత్రం, ప్రభుత్వ ఫెలోషిప్పు లాంటి నెలసరి డబ్బు కాకుండా ప్రాజెక్టు బడ్జెట్ అడిగేవి, చాలావరకు ఆర్టిస్టు పారితోషికాన్ని ఒప్పుకుంటాయి. అసలు వెయ్యకపోతేనే అనుమానం వస్తుంది: ఇతనికి వేరే ఆదాయం ఉందా, లేక మధ్యలో ట్యూషన్ల కోసం దీన్ని వదిలేస్తాడా అని.

మళ్ళీ కూర్చుని వేశాం. కాగితం, రంగులు 32,000. మంచి కాగితం బయట నుంచి తెప్పించాలి, విశాఖ చెమ్మకి చవక కాగితం ఒక్క వానాకాలంలో మచ్చలు తేలుతుంది. ఫొటోలు, స్కానింగు 15,000. అక్కయ్యపాలెం నుంచి హార్బర్‌కి 60 రోజులు, రోజుకు 150, మొత్తం 9,000. ఆరుగురు మేస్త్రీలు ఒక్కొక్కరు అయిదు పూటలు పని ఆపి కూర్చుంటారు, పూటకి 600 చొప్పున 18,000. గది అద్దె ఆరు నెలలకి 30,000. వాడి పారితోషికం నెలకు 15,000 లెక్కన 90,000. హార్బర్‌లో ప్రదర్శనకి షామియానా, తాళ్ళు, క్లిప్పులు, ఆటో ట్రాలీ 12,000. చిన్న తెలుగు పుస్తకం అచ్చుకి 20,000. అంతా కూడితే 2,26,000. అనుకోని ఖర్చులకి 5 శాతం, అంటే 11,300. మొత్తం 2,37,300.

ఇందులో మేస్త్రీలకిచ్చే 18,000 గురించి మా ఇద్దరికీ వాదన జరిగింది. వాళ్ళు స్నేహంగా కూర్చుంటారు, డబ్బు అంటే మొహం ముడుచుకుంటారేమో అని వాడు. వాళ్ళ పద్ధతిని బొమ్మలుగా మార్చుకుని నువ్వు 90,000 తీసుకుంటూ వాళ్ళకి టీ ఇప్పిస్తే అదేం స్నేహం అని నేను. నేనే నెగ్గాను. ఎంపిక చేసేవాళ్ళు కూడా ఈ పద్దు కోసం చూస్తారు, ముఖ్యంగా వేరేవాళ్ళ బతుకుల మీద పని చేస్తామన్నప్పుడు. దాంతోపాటే వాళ్ళ అంగీకార పత్రం అడిగే సంస్థలూ ఉన్నాయి. తెలుగులో అరపేజీ, కింద సంతకమో వేలిముద్రో.

అంకెలు గుండ్రంగా ఉండకూడదు. 50,000, లక్ష, 50,000 అని మూడు పద్దులు వేస్తే అది బడ్జెట్ కాదు, కోరిక. అలాగే ఒప్పుకోని ఖర్చులు కొన్ని సంస్థలకుంటాయి: కెమెరా, కంప్యూటర్ లాంటివి కొనడం కొందరికి ఇష్టం ఉండదు, అద్దె కొందరికి. నియమాల్లో ఆ పేజీ రెండుసార్లు చదవాలి.

ఫొటోలు, ఉత్తరాలు

పోర్ట్‌ఫోలియో ఫొటోల విషయంలో చెప్పేది తక్కువే, కానీ దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. ట్యూబ్‌లైటు కింద, గోడకి వాల్చి, ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఆయిల్ పెయింటింగు మధ్యలో తెల్లటి చుక్క మెరుస్తుంది. పొద్దున్న ఎనిమిదిలోపు మేడ మీద నీడలో బొమ్మని నిలువుగా నిలబెట్టి, ఫోను బొమ్మకి సరిగ్గా మధ్యకి ఎదురుగా పెట్టి తీస్తే ఆ ఫోను చాలు. ఫ్రేము, గోడ, పక్కన నిలబడ్డ ముఖ్య అతిథి అన్నీ కత్తిరించాలి. పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత సెంటీమీటర్లలో. 20 అడిగితే 20 పంపాలని లేదు, 12 బాగుంటే 12 పంపు. బలహీనమైన ఎనిమిది కలిస్తే బాగున్న పన్నెండూ మసకబారతాయి. హార్బర్ ప్రాజెక్టుకి పెడుతూ వినాయకుడి బొమ్మలూ, ఎవరింటికో వేసిన పోర్ట్రెయిట్లూ జతచేస్తే పొంతన ఉండదు. అవి ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే.

రికమెండేషన్ ఉత్తరం అంటే మనకి వెంటనే కార్పొరేటరో, ఎమ్మెల్యేయో గుర్తొస్తారు. లెటర్‌హెడ్ మీద "ఇతను నాకు తెలిసినవాడు, సత్ప్రవర్తన కలవాడు" అన్న ఉత్తరం బ్యాంకు లోనుకి పనికొస్తుందేమో. ఇక్కడ కావలసింది నీ పని చూసినవాళ్ళు. నీకు డ్రాయింగు నేర్పిన మాస్టారు, నీతో ఒక షో చేసిన తోటి ఆర్టిస్టు. వాళ్ళకి నీ ప్రపోజల్ కాపీ ఇచ్చి మూడు వారాలు గడువివ్వాలి. రేపు ఆఖరు తేదీ అనగా ఈరోజు రాత్రి ఫోన్ చేస్తే వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి రాసిస్తారు, ఆ ఉత్తరంలో నీ పేరు తప్ప నువ్వు ఉండవు.

వచ్చాక

గ్రాంటు డబ్బు ఒక్కసారిగా రాదు. సాంస్కృతిక శాఖ ఫెలోషిప్పులు ఆరునెలలకొకసారి, నాలుగు వాయిదాలుగా వస్తాయి, మధ్యలో రిపోర్టులు ఇస్తూ ఉండాలి. ప్రైవేటు సంస్థలు కూడా చాలావరకు ఆఖరి వాయిదాని ఆఖరి రిపోర్టు దాకా పట్టి ఉంచుతాయి. కాబట్టి చివరి నెల ఖర్చు మన చేతి నుంచి పెట్టుకోవాల్సి వస్తుందని ముందే లెక్కవేసుకోవాలి. వచ్చిన డబ్బంతా పన్ను లేనిదనీ అనుకోకూడదు. చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పుకి ఉన్న మినహాయింపు ప్రాజెక్టు గ్రాంటులో నువ్వు తీసుకున్న పారితోషికానికి వర్తిస్తుందని గ్యారంటీ లేదు. కొన్ని సంస్థలు టీడీఎస్ కోసుకునే ఇస్తాయి. మళ్ళీ సీఏ దగ్గరికే.

బిల్లుల గురించి ఒక చిన్న కిటుకు. ఈమధ్య షాపుల్లో ఇచ్చే మెషిన్ బిల్లులు థర్మల్ కాగితం మీద ఉంటాయి. విశాఖ ఉక్కలో ఆరు నెలలు పర్సులో ఉంచితే తెల్లకాగితం మిగులుతుంది. తీసుకున్న రోజే ఫొటో తీసి, ఒక జిరాక్సు తీయించి, మీద తేదీ రాసిపెట్టాలి. నేను ఒకసారి తొమ్మిది వేల రూపాయల రంగులకి తొమ్మిది తెల్ల చీటీలు పట్టుకుని ఆడిటర్ ముందు కూర్చున్నాను.

రాకపోతే? రాకపోవడమే ఎక్కువసార్లు జరిగేది. అడిగితే కారణం చెప్పే సంస్థలు కొన్నున్నాయి, మర్యాదగా మెయిల్ రాసి అడగడంలో నష్టం లేదు. అదే ప్రపోజల్‌ని వేరే సంస్థకి యథాతథంగా పంపితే మాత్రం పేరు మార్చడం మర్చిపోయిన పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. పరిశోధన అడిగినచోట మాటల సేకరణ ముందుకి రావాలి, బొమ్మ అడిగినచోట ఆ 40 డ్రాయింగులు.

మా వాడిది మొదటి చోట పోయింది. ఇప్పుడు రెండో చోటికి సిద్ధమవుతున్నాడు. ఈసారి వెనక నుంచి లెక్కపెట్టాం: ఏప్రిల్ 15కి హార్బర్‌లో ఉండాలంటే డబ్బు మార్చికి రావాలి, ఫలితాలకి చాలా సంస్థలు నాలుగైదు నెలలు తీసుకుంటాయి, అంటే దసరా వెళ్ళేలోగా పంపెయ్యాలి. బడ్జెట్ అయింది, ఫొటోలు మళ్ళీ తీశాడు, మాస్టారి ఉత్తరం వచ్చింది. మిగిలింది అంగీకార పత్రాలు. అయిదుగురు సంతకాలు పెట్టారు. ఆ వంపు మీద తిన్నగా రాసే మేస్త్రీ ఒక్కడిదే కావాలి. వేట ఉన్న రోజుల్లో ఆయన కూడా బోటెక్కుతాడట, వెళ్ళి పది రోజులైంది. మా వాడు పొద్దున్నే కాగితం పట్టుకుని గట్టు మీద నిలబడుతున్నాడు.